వ్యాధి కన్నా వెలి ప్రమాదకరం
హెచ్‌ఐవీపై అపోహలు వీడితేనే అడ్డుకట్ట

మన దేశంలో హెచ్‌ఐవీ జాడ మొదటిసారిగా 1986లో చెన్నైలో బయటపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో వెలసిన ‘పులిరాజా’ ప్రచార బోర్డులు నేటికీ చాలామందికి గుర్తే. నాటికీ నేటికీ వైద్యం ఎంతో ముందుకు సాగింది. ఈ వ్యాధి సోకినవారిని చూసే చూపు మాత్రం అంతగా మారలేదు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న భయంతో పరీక్షకు వెనుకాడేవారు ఇప్పటికీ ఉన్నారు. తమకు సోకిన సంగతి తెలియనివారి నుంచే వ్యాధి చాపకింద నీరులా పాకుతుంది. వెలివేత వ్యాధిని ఆపదు, దాచిపెడుతుంది.

సోకే మార్గాలు
రక్షణ లేని లైంగిక సంపర్కం, వ్యాధికారక క్రిమి ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరు వాడిన సూదులు, సిరంజిలను మరొకరు వాడటం, తల్లి నుంచి గర్భంలోగానీ, ప్రసవ సమయంలోగానీ, చనుబాల ద్వారాగానీ బిడ్డకు చేరడం. ప్రధానంగా ఈ నాలుగు మార్గాల్లోనే హెచ్‌ఐవీ వ్యాపిస్తుంది.

కరచాలనం చేసినా, ఒకే కంచంలో తిన్నా, ఒకే మరుగుదొడ్డి వాడినా, బడిలో పక్కపక్కన కూర్చున్నా సోకదు. దోమకాటు వల్ల కూడా రాదు. ఈ వైరస్ దోమ శరీరంలో వృద్ధి చెందలేదు. కాబట్టి రోగికి వేరే గ్లాసు, వేరే గది కేటాయించడం వల్ల ఇంట్లోవారికి అదనంగా ఒనగూరే రక్షణ ఏమీ లేదు. రోగి మనసు గాయపడటమే మిగులుతుంది.

పరీక్ష ఎప్పుడు?
వైరస్ ప్రవేశించిన వెంటనే పరీక్షలో కనిపించకపోవచ్చు. అనుమానం ఉన్నవారు తొలి పరీక్షలో లేదని తేలినా మూడు నెలల తరువాత మరోసారి చేయించుకోవడం మేలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష, సలహా ఉచితం. వివరాలను గోప్యంగా ఉంచుతారు. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

సూది గుచ్చుకున్న వైద్య సిబ్బంది, లైంగిక దాడికి గురైనవారు ఆలస్యం చేయరాదు. 72 గంటలలోపు, వీలైతే తొలి గంటల్లోనే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వ్యాధి సోకే అవకాశం బాగా తగ్గుతుంది.

మందులతో నిండు జీవితం
హెచ్‌ఐవీ సోకడం, ఎయిడ్స్ రావడం ఒకటి కాదు. రోగనిరోధక శక్తి బాగా క్షీణించిన దశనే ఎయిడ్స్ అంటారు. మందులు సకాలంలో వాడితే ఆ దశకు చేరకుండా నివారించవచ్చు. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇస్తోంది. సీడీ4 కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి ఉందని తేలిన అందరికీ చికిత్స ఇచ్చే విధానం 2017లో వచ్చింది.

మందులు క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, ఆ స్థితి నిలిచినవారి నుంచి లైంగికంగా భాగస్వామికి వ్యాధి సోకదని పరిశోధనలు రుజువు చేశాయి. చికిత్స లేకుంటే తల్లి నుంచి బిడ్డకు సోకే ముప్పు 15 నుంచి 45 శాతం వరకు ఉంటుంది. సక్రమ చికిత్సతో దానిని 5 శాతం లోపునకు తగ్గించవచ్చు. గర్భిణులు తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకోవాలన్నది ఇందుకే. ఆరోగ్యం బాగుందని మధ్యలో మందులు మానేస్తే వైరస్ తిరిగి విజృంభిస్తుంది, మందులకు లొంగని స్థితి ఏర్పడవచ్చు.

చట్టం అండ
2017లో రూపొందిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు వంటి విషయాల్లో వివక్ష చూపడాన్ని ఇది నిషేధిస్తోంది. అంగీకారం లేకుండా పరీక్ష చేయడం, వివరాలను వెల్లడించడం చట్టవిరుద్ధం. కుటుంబంతో కలిసి ఇంట్లో నివసించే హక్కు బాధితులకు ఉంది. వారిపై ద్వేషాన్ని ప్రచారం చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఫిర్యాదుల విచారణకు రాష్ట్రాలు అంబుడ్స్‌మన్‌ను నియమించాలని చట్టం నిర్దేశిస్తోంది.

ఇరుగుపొరుగు చేయవలసింది
ఎవరికి సోకింది, ఎలా సోకిందని ఆరా తీయడం మానాలి. తెలిసిన సంగతిని మరొకరి చెవిన వేయరాదు. మందులకు వెళ్లివచ్చేందుకు తోడుగా నిలవాలి. పనిచేసే చోట, బడిలో, పెళ్లి పందిరిలో మునుపటిలాగే పలకరించాలి. ఆ ఆదరణ ఉన్న ఊళ్లో పరీక్షకు ముందుకు వచ్చేవారు పెరుగుతారు. వ్యాధి వ్యాప్తికి అక్కడే అడ్డుకట్ట పడుతుంది.