పొయ్యి లేనివాళ్ల రొట్టె

పిజ్జాని, పిండి కలపటం మొదలుకొని, ఇంట్లోనే స్వయంగా చేసుకోవటం ఇవాళ మన పట్టణాల మధ్యతరగతి ఇళ్లల్లో ఒక సరదా అయింది. సెలవునాడు పిల్లలు మైదాలో ఈస్టు కలుపుతారు. తల్లి టమాటాలు ఉడికిస్తుంది. తండ్రి పక్కన నిలబడి సలహాలు చెపుతాడు. ఇందులో ఆక్షేపించవలసిందేమీ లేదు. అయితే ఆ రొట్టె చరిత్ర ఎరిగినవాళ్లకు ఈ దృశ్యంలో ఒక విడ్డూరం కనిపించక మానదు. పిజ్జా పుట్టింది ఇంట్లో కాదు. దాన్ని పోషించి పెంచినవాళ్లకు ఇంట్లో వండుకొనే వసతే లేదు.

దక్షిణ ఇటలీలోని నేపుల్స్ 18, 19 శతాబ్దాల్లో యూరప్‌లోని పెద్ద నగరాల్లో ఒకటి. 1503 నుంచి రెండువందల ఏళ్లు స్పెయిన్ ప్రతినిధులు ఏలారు. తరువాత బూర్బన్ రాజులు వచ్చారు. ప్రభువుల భవనాలూ, మఠాలూ ఒకవైపు. ఏ పూటకాపూట పని వెతుక్కొనే లజ్జరోనీ అనే బీదజనం మరొకవైపు. వీళ్లలో చాలామంది ‘బస్సో’ అనే గదుల్లో ఉండేవారు. బస్సో అంటే వీధిలోకి తెరుచుకొనే ఒంటిగది; తలుపే దానికి కిటికీ కూడా. అందులోనే సంసారమంతా. రొట్టె కాల్చే పొయ్యి కట్టటానికి అక్కడ చోటు లేదు. చోటున్నా కట్టెలు కొనే స్తోమతు లేదు.

ఈ పొయ్యి సంగతి కొంచెం నిదానంగా ఆలోచించాలి. కట్టెలపొయ్యి వేడెక్కటానికి గంటలు పడుతుంది. ఒకసారి ఎర్రగా కాగిందా, ఒక్కొక్క పిజ్జా ఒకటి రెండు నిమిషాల్లో కాలుతుంది. ఒక కుటుంబానికి నాలుగు రొట్టెలు కాల్చుకోవటానికి ఆ పొయ్యి రగిలించటం పిచ్చిపని. వీధి మొత్తానికి కాలిస్తే లాభసాటి. కనుక కాల్చేవాడు ఒకడై, తినేవాళ్లు వందలయ్యారు. పిల్లలు నెత్తిన రేకుపెట్టెలు పెట్టుకొని, వేడి చల్లారకుండా సందుసందుకూ తిరిగి అమ్మేవారు. పిజ్జా ఆకారాన్ని కూడా ఈ జీవితమే నిర్ణయించింది: పళ్లెం అక్కర్లేదు, మేజా అక్కర్లేదు, మడిచి చేత పట్టుకొని నడుస్తూ తినవచ్చు.

పైన వేసే దినుసులు సైతం ఎవరి తాహతును బట్టి వారివి. వెల్లుల్లి, ఉప్పు, పందికొవ్వు అతి చౌక. కొంచెం డబ్బుంటే జున్ను, చిన్నచేపలు. టమాటా సంగతి వేరు. అది అమెరికా ఖండం మీద స్పెయిన్ దండెత్తిన తరువాత 16వ శతాబ్దంలో యూరప్ చేరింది. చాలాకాలం దాన్ని అనుమానంగా చూశారు. దక్షిణ ఇటలీ సామాన్యులు 18, 19 శతాబ్దాల్లో దాన్ని తమ వంటలోకి తెచ్చుకొన్నారు. మన మిరపకాయ కూడా ఆ ఖండపుదే. మిరపకాయ లేని ఆంధ్రుల భోజనాన్ని ఇవాళ ఊహించలేం గదా; టమాటా లేని నేపుల్స్ కూడా అంతే. సనాతనమని మనం చెప్పుకొనే వంటల వయసు మనం అనుకొన్నంత కాదు.

ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1835లో నేపుల్స్ చూశాడు. 1843లో ఆ యాత్ర గురించి పుస్తకం వేశాడు. పిజ్జా ధరను బట్టి బజారులో ఏ సరుకు ఎంత పలుకుతున్నదో చెప్పవచ్చునని గమనించాడు. తెలివైన పరిశీలనే. కాని ‘ఎనిమిది రోజుల పిజ్జా’ అనే మాట దగ్గర పొరబడ్డాడు. అది వారంకిందట కాల్చిన రొట్టె అనుకొన్నాడు. నిజానికి అది అప్పు ఖాతా: ఇవాళ తిని, ఎనిమిది రోజులకు డబ్బిచ్చే ఏర్పాటు. ఎప్పుడూ అప్పు తిని ఎరగని యాత్రికుడికి పాచిరొట్టె కనిపించింది గాని, బాకీ కనిపించలేదు. 1954లో విట్టోరియో డిసికా తీసిన ‘నేపుల్స్ బంగారం’ చిత్రంలో సోఫియా లోరెన్ అమ్మింది ఈ అప్పు పిజ్జాలనే.

1884లో నేపుల్స్‌ను కలరా ఊడ్చివేసింది. ఆ సంవత్సరమే మతిల్దే సెరావో అనే పత్రికా రచయిత్రి ఆ బీదపేటల బతుకును పుస్తకంగా రాసింది. ఒక సొల్దో, అంటే లీరాలో ఇరవయ్యో వంతు, పెట్టి కొన్న పిజ్జాముక్కే అక్కడ ఎందరికో పూట గడిపేదని ఆమె లెక్క తేల్చింది. రెండేళ్ల తరువాత, 1886లో, ‘పినాకియో’ రాసిన కొల్లోదికి అదే రొట్టెలో మురికి తప్ప మరొకటి కనిపించలేదు. ఒకే వస్తువును ఇద్దరు చూశారు. ఆమె తినేవాళ్ల ఆకలి చూసింది; అతడు దూరాన నిలబడి ముక్కు మూసుకొన్నాడు.

ఇక రాణిగారి కథ. 1889 జూన్‌లో ఇటలీ రాణి మార్గెరీటా నేపుల్స్ వచ్చిందనీ, రఫాయెలె ఎస్పొజీటో అనే వంటవాడు టమాటా, మొజ్జరెల్లా, తులసిజాతి ఆకుతో జెండా మూడు రంగుల్లో పిజ్జా చేశాడనీ, దానికి రాణి పేరు పెట్టాడనీ ప్రతి పుస్తకం చెపుతుంది. రుజువుగా కొలువునుంచి వచ్చిన ఉత్తరం చూపిస్తారు. ఆ ఉత్తరం మీది ముద్రనూ, చేవ్రాతనూ పరీక్షించిన పరిశోధకులు ఈ శతాబ్దంలో గట్టి అనుమానాలే లేవదీశారు. అదెలా ఉన్నా, 1866 నాటికే నేపుల్స్ ఆచారాల గురించి దెబూర్కార్ వేసిన సంపుటాల్లో పిజ్జా మీద మొజ్జరెల్లా, ఆ ఆకూ, టమాటా వేయటం కనిపిస్తుంది. అంటే రాణి రాకముందే జనం తింటున్నారు.

మరి ఈ కథ ఎందుకు నిలిచింది? 1861లో ఇటలీ ఏకమైంది. ఉత్తరాది సవోయ్ వంశం దక్షిణాదికి రాజవంశమైంది. దక్షిణాది రైతుల తిరుగుబాట్లను సైన్యంతో అణచిన రాజ్యానికి, రాణి పేదల రొట్టె మెచ్చుకొన్నదనే కథ ఎంతగా అక్కరకు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. రొట్టె చేసింది జనం. పేరు దక్కింది కిరీటానికి.

1880కీ 1920కీ మధ్య నలభై లక్షలమంది ఇటాలియన్లు, అధికసంఖ్యాకులు దక్షిణాదివారు, అమెరికా వలస పోయారు. పిజ్జా వారి వెంట వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత అది కంపెనీల సరుకయింది: 1958లో పిజ్జా హట్, 1960లో డామినోస్ పుట్టాయి, 1996లో రెండూ మనదేశంలో దుకాణాలు తెరిచాయి. నేపుల్స్‌లో నెత్తిన పెట్టె మోసిన కుర్రవాడు ఇవాళ హైదరాబాదులో వీపున సంచీ మోస్తున్నాడు. అతడికి రోడ్డు మీద జరిగే ప్రమాదం ఎవరి ఖాతాలో పడుతుందన్న ప్రశ్న ఇంకా తెగలేదు.

ఇంతకీ ఇంట్లో చేసుకోవటం మాటేమిటి? తప్పక చేసుకోవచ్చు. అరకిలో మైదా, సుమారు 325 మిల్లీలీటర్ల నీళ్లు, పది గ్రాముల ఉప్పు, చిటికెడు ఈస్టు. పది నిమిషాలు బాగా మర్దించి, పొంగేదాకా మూసి ఉంచాలి. మన ఎండల్లో త్వరగానే పొంగుతుంది. అప్పడాలకర్ర పెట్టకుండా, నడుమనుంచి అంచుకు వేళ్లతో ఒత్తుకుపోవాలి. కర్ర పెడితే లోపలి గాలి పోయి అంచు పొంగదు. నేపుల్స్ పొయ్యి వేడి 430 డిగ్రీలు దాటుతుంది. మన ఇంటి ఓవెన్ 250 దగ్గర ఆగుతుంది. అంచేత ఇనపపెనం ముందుగా బాగా కాచి దానిమీద వేస్తే ఎనిమిది పది నిమిషాల్లో కాలుతుంది. రొట్టె బాగానే వస్తుంది. కాని ఇందులో అతి ఖరీదైన దినుసు మైదా కాదు, జున్ను కాదు, తీరిక. పిండి పొంగేదాకా కాచుకొని కూర్చోగల తీరికే నేపుల్స్ కూలీకి లేనిది.

అలాగని పేదరికాన్ని పొగడటం మన పని కాదు. లేమి రుచిని పుట్టించదు. లేమిలో ఉండి కూడా మనిషి రుచిని వదులుకోడన్నదే ఈ చరిత్ర చెప్పేది. 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా తయారీదారుల చేతిపనిని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఆలస్యంగానైనా, గుర్తింపు రాణికి కాక చేతులకు దక్కింది.

మన ఇంటిముంగిట కూడా ఇలాంటి బాకీ ఒకటుంది. హైదరాబాదులో చాయ్‌తో తినే ఉస్మానియా బిస్కట్టు కడపటి నిజాం పేరు మోస్తున్నది. దాన్ని మొదట కాల్చిన పనివాడి పేరు మనలో ఎందరికి తెలుసు? విద్యార్థులు గ్రంథాలయానికి వెళ్లేముందు ఏ బేకరీ పొయ్యి దగ్గరికో వెళ్లి, అక్కడ తెల్లవారుజామున పిండి పిసికే ముసలివాళ్లను అడిగి రాసుకోవటం మొదలుపెడితే, ఆ చరిత్ర కొంతైనా మిగులుతుంది.