గిలకల విల్లు

అమెరికాదేశమున శరత్కాలము సమీపించి తెల్లతోక జింకల వేటకు అనుమతి లభించు దినములు వచ్చుసరికి, మిచిగాన్, విస్కాన్సిన్, మిస్సౌరీ మొదలగు రాష్ట్రములలో విండ్లమ్ము అంగళ్లకు వేటగాండ్రు చేరుదురు. క్రొత్త విల్లు కొనవచ్చినవాని చేతికి అంగడివాడు విల్లుతోపాటు ఒక పట్టికయు నిచ్చును. బాణవేగ మింత, ఇరుసునుండి ఇరుసునకు పొడ వింత, నారికిని పిడికిటికిని నడుమ ఎడ మింత, నిండుగా లాగినప్పుడు తగ్గు బరువు నూటి కింత అని అందు అంకెలు బారులు తీరియుండును. ఈ అంకెలలో ప్రతిదాని వెనుక ఒక పరిశ్రమయో ఒక వివాదమో కలదు. ఆ చరిత్ర తెలిసినగాని ఏ అంకెకు ఎంత విలువ నీయవలయునో తెలియదని నా విశ్వాసము.

తుపాకికి కొదువలేని దేశమున విల్లు మరల వేటసాధనమగుట విశేషమే. అంతర్యుద్ధమున దక్షిణపక్షమున పోరి ఓడిన సైనికులలో మారిస్ థాంప్సన్, విల్ థాంప్సన్ అను సోదరులుండిరి. ఓడినవారు తుపాకి దాల్చరాదను నిషేధమువలన వారు విల్లు పట్టిరని చెప్పుదురు. మారిస్ 1878లో వెలువరించిన ‘ది విచరీ ఆఫ్ ఆర్చరీ’ అను గ్రంథము ఎందరినో ఈ విద్యవైపు మరల్చెను. మరుసటి యేడు జాతీయ విలువిద్యాసంఘము స్థాపితమయ్యెను. కాలక్రమమున చల్లారిన ఆ ఉత్సాహమును మరల రగిల్చినవాడు ఇషీ. తనవారందఱు నశింపగా 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర ఒంటరిగా జనుల కంటబడిన యాహి జాతీయు డితడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో నివసించుచు, తనకు మిత్రుడైన శస్త్రవైద్యుడు సాక్స్‌టన్ పోప్‌నకు విల్లు చెక్కుటయు, అలికిడి లేక మృగమును సమీపించుటయు నేర్పి, 1916లో క్షయవ్యాధిచే మరణించెను. తన జాతిని రూపుమాపిన జనులకే తన విద్యను ధారవోసిన ఆ మహనీయుని తలచినప్పుడెల్ల నా మనస్సు బరువెక్కును. నేటి వేటవిల్లు ఎంతటి నూతన యంత్రమైనను, దానిని పట్టు ప్రతివాడును అతనికి శిష్యుడే. పోప్ 1923లో తన అనుభవములను గ్రంథస్థము చేసెను. ఆయన సహచరుడు ఆర్థర్ యంగ్ తీసిన వేటచిత్రములను చూచి ఫ్రెడ్ బేర్ వంటి యువకులు విండ్ల తయారీకి దిగిరి. 1934లో విస్కాన్సిన్ ప్రభుత్వము జింకలవేటకు విలుకాండ్రకు ప్రత్యేకముగా ఒక ఋతువును కేటాయించెను. పిదప ఇతర రాష్ట్రములును ఆ త్రోవ పట్టినవి.

అంతవరకును విల్లనగా వంగిన కొమ్మయు, బిగిసిన నారియు మాత్రమే. నల్లమల చెంచుల వెదురువిల్లు మొదలు, కొమ్మును నరమును కఱ్ఱకు అతికి తురుష్కులు నిర్మించిన మేటివిండ్ల వరకు, ఎంత భేదమున్నను అన్నిటికిని సమానమైన క్లేశ మొకటి కలదు. నారి సారించినకొలది బరువు పెరుగుచుండును. ఆకర్ణాంతము లాగి గుఱిచూడవలసిన క్షణమున, అనగా చేయి స్థిరముగా నుండవలసిన క్షణముననే, ఆ బరువు పరాకాష్ఠ నందుకొనును. 60 పౌండ్ల విల్లు పట్టినవాడు 60 పౌండ్లను వ్రేళ్లపై మోయుచు గుఱిచూడవలెను. జింకయో చెట్టుచాటున నిలిచి కదలదు. వేటగాని భుజము వణకసాగును. వణకిన చేతినుండి వెడలిన బాణము మృగమును చంపక గాయపఱచి విడుచును. మృగమును హింసింపక ఒక్కవ్రేటున కూల్చుట వేటగాని ధర్మమైనప్పుడు, ఇది సౌకర్యమునకు సంబంధించిన విషయము మాత్రము కాదు. 1930 ప్రాంతముల క్లారెన్స్ హిక్‌మన్ మొదలగు భౌతికశాస్త్రజ్ఞులు లాగుడు దూరమునకును బరువునకును గల సంబంధమును రేఖాచిత్రములుగా గీసి, ఆ రేఖ క్రింది వైశాల్యమే వింటిలో నిలువయగు శక్తియని తేటపఱచిరి. వారు కొలిచిరి, సవరించిరి, వింటి కొమ్మల ఆకృతిని చక్కదిద్దిరి. కాని రేఖ చివరన పైకే పోవుచుండెను.

ఆ రేఖను వంచినవాడు మిస్సౌరీ రాష్ట్రమునకు చెందిన హాలెస్ విల్బర్ ఆలెన్. ఆయన ఒక వింటి రెండు కొనలను రంపముతో కోసివైచి, వాటి స్థానమున గిలకలు బిగించెను. గిలక ఇరుసును దాని నడుమగాక ఒక ప్రక్కకు జరిపి అమర్చుటలో అసలు కిటుకు ఉన్నది. నారిని లాగగా గిలక తిరుగును. తిరిగినకొలది, దానినుండి ఎదుటి కొమ్మకు పోవు తీగ చుట్టుకొని కొమ్మలను వంచును. ఇరుసు ప్రక్కకుండుటచే లాగుడు చివరకు వచ్చుసరికి నారికి మీటబలము పెరిగి, తీగకు తరుగును. కావున కొమ్మలు పూర్తిగా వంగి, తమ శక్తినంతను దాచుకొనియే యుండగా, విలుకాని చేతిలో మాత్రము బరువు జారిపోవును. ఆరంభముననే బరువు శిఖరమునకెక్కి చాలదూర మట్లే నిలుచుటచే, సమానమైన బరువుగల పాతవింటికన్న ఇందు నిలువయగు శక్తియు నధికము. ఆలెన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు చేసికొనగా 1969 డిసెంబరులో అది లభించెను. ఆయనవద్ద అనుజ్ఞ పొంది ఇట్టి విండ్లను మొట్టమొదట వ్యాపారరీతిని తయారుచేసినవాడు టామ్ జెన్నింగ్స్. 1979లో ఆలెన్ గతించునాటికి వేటవిండ్ల విపణిలో ఈ ‘కాంపౌండ్’ విల్లుదే పైచేయి.

ఇది విల్లా, యంత్రమా అను కలహము వెంటనే బయలుదేరెను. తీగలతో, గిలకలతో నిండిన ఆ వస్తువును చూచి పాతవారు నొచ్చుకొనిరి. వారి నొప్పి నాకు అవగతమే. మొదట స్వల్పముగానున్న బరువు తగ్గుదల క్రమముగా నూటికి 50కి, 65కి ఎగబ్రాకెను. వింటితో కూల్చిన మేటిమృగముల పద్దు వ్రాయుటకై 1961లో పోప్, యంగ్‌ల పేరిట ఏర్పడిన సంఘము చాలకాలము 65కు మించిన తగ్గుదలగల విండ్లవేటను లెక్కకు తీసికొనలేదు. నేడు 80, 85 కూడ సామాన్యములే: 70 పౌండ్ల విల్లు నిండుగా లాగినపిమ్మట చేతిలో 14 పౌండ్లే తూగును. అయినను గాయపడి అడవిలో పడియుండు జింకను దృష్టియందుంచుకొన్నచో, చేయి వణకనీయని ఈ తగ్గుదలను నేను నిందింపజాలను.

తరువాతి చరిత్ర యంతయు గిలకల చరిత్రయే. రెండు గిలకలు ఒక్క క్షణమున తిరిగినగాని బాణము తిన్నగా వెడలదు. తీగ కొంచెము సాగినను జత చెడును. సాగని కృత్రిమదారములు ఉక్కుతీగల స్థానము నాక్రమించి ఈ బాధను కొంత తగ్గించినవి. 1990ల ఆరంభమున మ్యాట్ మెక్‌ఫర్సన్ క్రింది కొనకు మాత్రము శక్తిగిలక నమర్చి, పైన నారి నడచుటకు గుండ్రని చక్రమునుంచిన ఏకచక్రపు వింటిని ప్రచారమునకు తెచ్చెను. జత కుదిర్చెడి శ్రమ తప్పుటయే కాక చప్పుడును తగ్గెను. పిదప రెండు గిలకలను పరస్పరము బంధించి తిప్పు పద్ధతులు వచ్చినవి. కొమ్మలు ఇంచుమించు సమాంతరములై, విడుపునాటి అదురు తగ్గి, వింటి పొడవు 30 అంగుళముల ప్రాంతమునకు కుదించుకొనిపోయెను.

ఇక పట్టికలో పెద్ద అక్షరములతో అచ్చువేయు వేగమును గూర్చి. 70 పౌండ్ల బరువు, 30 అంగుళముల లాగుడు, 350 గ్రెయిన్ల తేలికబాణముతో కొలిచిన అంకె అది. మధ్యమ శరీరముగలవాడు 60 పౌండ్ల బరువుతో, 28 అంగుళముల లాగుడుతో, వేటకు తగిన బరువైన బాణము వేసినచో సెకనుకు 340 అడుగులని వ్రాసిన విల్లు అంతకు చాల తక్కువయే యిచ్చును. లాగుడులో ఒక్క అంగుళము తగ్గినచో సుమారు 10 అడుగులు పోవును. పోనిమ్ము, వేగమున్నను ఫల మేమి? ముప్పది గజముల దూరమున నున్న జింకకు వింటి చప్పుడు సెకనులో పండ్రెండవ వంతుకు వినబడును. బాణము చేరుటకు సెకనులో సుమారు పదింట మూడువంతులు పట్టును. చప్పుడు విన్నంతనే జింక పరువెత్తుటకై క్రుంగును, బాణము వీపుమీదుగా పోవును. సెకనుకు 280 అడుగుల బాణమునకును 300 అడుగుల బాణమునకును ఈ దూరమున భేదము సెకనులో ఏబదవ వంతు. ధ్వనిని గెలువజాలని వేగమునకై ధనము వెచ్చించుటకన్న, చప్పుడు చేయని వింటిని వెదకుట మేలు.

నారికిని పిడికిటికిని నడుమ ఎడము ఆరంగుళము లైనచో వేగము హెచ్చును; కాని బాణము నారిపై అధికకాలముండుటచే చేతి దోషమంతయు దానికి సంక్రమించును. ఏడంగుళములది క్షమాగుణము కలది. చెట్టుపై మంచెలో ముడుచుకొని కూర్చుండువానికి పొట్టివిల్లు అనువు; బయలున నిలిచి వేయువానికి ఇంచుక పొడవైనది స్థిరము. వీటన్నిటికన్న ముందు చూడవలసినది, పట్టికలో చివరనుండు లాగుడు నిడివి. బార చాచి వ్రేలికొసనుండి వ్రేలికొసకు కొలిచి రెండున్నరచే భాగించినచో సుమారుగా తన నిడివి తేలును. ఆలెన్ వింటికి లాగుడు చివర ఒక గోడవంటి అడ్డున్నది. పాతవిల్లువలె ఎవరికెంత చాలునో అంత లాగుటకు వీలులేదు. నిడివి కుదరనిచో శేషించిన గుణములన్నియు నిరర్థకములు. బరువు విషయమున గొప్పకు పోరాదు: కూర్చుండి, వింటిని ఆకాశమువైపు ఎత్తక, తిన్నగా లాగగలిగిన బరువే తన బరువు. చలికి బిగుసుకొన్న భుజము అంగడిలోని భుజముకన్న బలహీనము.

భారతదేశమున 1972 వన్యప్రాణి సంరక్షణచట్టముచే వేట నిషిద్ధము. కావున ఈ విల్లు మనకు క్రీడాసాధనముగనే వచ్చెను. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలందు మూడు స్వర్ణపతకములు సాధించినది కాంపౌండ్ వింటితోనే. క్రీడాకారిణి కోరు గుణములు వేటగానివి కావు: ఆమెకు పొడవైన, కదలని విల్లు కావలెను, అడవిలో తీగలకు తగులునను చింత లేదు. విల్లా యంత్రమా అను నాటి తగవు క్రీడారంగమున ఇంకను పూర్తిగా తీరలేదు. విలువిద్య 1972లో ఒలింపిక్స్‌కు తిరిగివచ్చినను గిలకల వింటికి ప్రవేశము దొరకలేదు. 2028లో లాస్ ఏంజెలెస్ క్రీడలందు మిశ్రమజట్ల పోటీతో తొలిసారిగా దానికి చోటు కల్పించుటకు నిశ్చయించిరి.