ఇంట్లో సీడీ రాసుకున్న కాలం

అక్టోబరు 1 కాంపాక్ట్ డిస్క్ పుట్టినరోజు. 1982లో ఆ రోజున సోనీ జపాన్‌లో సీడీపీ-101 ప్లేయర్‌ను అమ్మకానికి పెట్టింది. ఏటా ఈ తేదీకి సీడీని తలుచుకునేవాళ్లు సంగీతం గురించే రాస్తారు. నాకు మాత్రం కంప్యూటర్ డబ్బా ముందు అరలో ఒదిగి, ఖాళీ డిస్కు మీద మన పాటల్నీ ఫొటోల్నీ రాసిపెట్టిన సీడీ రైటర్ గురించి చెప్పాలని ఉంటుంది. వినేవాడి చేతికి రాసే పని కూడా అప్పగించిన యంత్రం అది.

ఆ పని అంతకుముందు వస్తూ పోతూ ఉంది. 1877లో ఎడిసన్ చేసిన ఫోనోగ్రాఫ్ శబ్దాన్ని వినిపించేది, పట్టి ఉంచేది కూడా. తర్వాత వచ్చిన గ్రామఫోన్ వినడానికే. 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో పాడి ఇచ్చిన రికార్డులు దేశమంతా తిరిగాయి. మన ఇంట్లో అమ్మమ్మ పాడే మంగళహారతిని దాచుకునే దారి మాత్రం లేకపోయింది. 1963లో ఫిలిప్స్ క్యాసెట్ ఆ దారి తెరిచింది. మన ఊళ్లలో రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. పాటల చీటీ, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే చాలు, కోరిన పాటలు కోరిన వరుసలో చేతికొచ్చేవి. అంతలో సీడీ వచ్చి మళ్లీ అందరినీ శ్రోతల్ని చేసేసింది.

దాన్ని మార్చింది జపాన్‌లోని తైయో యూడెన్. 1988లో ఈ కంపెనీ, లేజర్ వేడికి రూపు మారే రంగుపొరను డిస్కులో పెట్టి సీడీ-ఆర్ తయారుచేసింది. మొదట్లో రైటర్లు స్టూడియోలకూ కంపెనీలకూ తప్ప అందేవి కావు. 1995లో హ్యూలెట్ ప్యాకర్డ్ తెచ్చిన 4020ఐ రైటర్ వెయ్యి డాలర్లలోపు ధరకు దొరికింది. రెండేళ్లకు, చెరిపి మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ కూడా వచ్చింది.

నాకెంతో ఇష్టమైన ఘట్టం 2000 ప్రాంతంలోది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని కంప్యూటర్లు బిగించుకునే రోజులవి. రైటర్ పెట్టె మీద మూడు అంకెలుండేవి. ప్లెక్స్‌టర్ వారి పేరున్న డ్రైవ్ మీద 12/10/32 అని ఉండేది. రాసే వేగం, చెరిపి రాసే వేగం, చదివే వేగం అన్నమాట. ఒక రెట్టు అంటే సెకనుకు 150 కిలోబైట్లు. 74 నిమిషాల డిస్కు 4 రెట్ల వేగంతో రాయడానికి పద్దెనిమిది నిమిషాలకు పైగా పడితే, 12 రెట్లతో ఆరు నిమిషాలు దాటితే అయిపోయేది.

అసలు పరీక్ష వేగం దగ్గర కాదు, బఫర్ దగ్గర. లేజర్ ఒకసారి గీత మొదలుపెడితే మధ్యలో ఆగకూడదు. హార్డ్‌డిస్క్ నుంచి వచ్చే సమాచారం ముందు బఫర్‌లో చేరి, అక్కణ్నుంచి లేజర్‌కు వెళ్లాలి. మేడ మీద ట్యాంకు ఎండిపోతే కింద కుళాయి ఆగినట్టే, బఫర్ ఖాళీ అయితే రాత ఆగిపోయేది, డిస్కు చెత్తబుట్టలోకి పోయేది. 12 రెట్ల వేగంలో 2 మెగాబైట్ల బఫర్ సెకను కంటే కాస్త ఎక్కువసేపు ఆదుకుంటుంది, అంతే. అందుకే సీడీ రాస్తున్నంతసేపూ స్క్రీన్‌సేవర్ ఆపేసేవాళ్లు, యాంటీవైరస్ ఆపేసేవాళ్లు, మౌస్ ముట్టుకోవద్దని పిల్లల్ని కసిరేవాళ్లు.

ఆ రోజుల్లోనే సాన్యో 'బర్న్-ప్రూఫ్' అనే ఉపాయం తెచ్చింది. బఫర్ ఖాళీ కావస్తుండగానే డ్రైవ్ లేజర్‌ను ఆపి, ఆగిన చోటు గుర్తుపెట్టుకుంటుంది. సమాచారం నిండాక సరిగ్గా అక్కడికే వచ్చి రాత అందుకుంటుంది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి 1.6 మైక్రాన్ల ఎడంతో, ఐదు కిలోమీటర్లకు పైగా సాగే గీత మీద చేసే పని ఇది! ఇంటి కంప్యూటర్లోకి ఇంతకంటే నాజూకైన పనితనం అరుదుగా వచ్చిందని నా నమ్మకం. కరెంటు పోతే మాత్రం ఈ ఉపాయమూ కాపాడేది కాదు. దానికి యూపీఎస్సే దిక్కు.

రైటర్‌ను తూచడానికి ఇంకో కొలత, లేజర్ తెలివి. ఖాళీ డిస్కు గాడిలోనే తయారీదారు వివరాలు ఉంటాయి. డ్రైవ్ ముందు వాటిని చదివి, డిస్కు లోపలి అంచున కాస్త రాసి చూసుకుని, ఎంత వేడి సరిపోతుందో తేల్చుకునేది. సయనిన్, థాలోసయనిన్, ఏజో రంగుల్లో ఏది ఎదురైనా సర్దుకోగలిగినదే మంచి డ్రైవ్. పాటల సీడీలు చేసేవాళ్లు 'డిస్క్-ఎట్-వన్స్' ఉందో లేదో కూడా అడగాల్సి వచ్చేది. అది లేకపోతే పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల మౌనం పడుతుంది. ఆగకుండా సాగే కచేరీని అది ముక్కలు చేస్తుంది.

తర్వాత అంకెలు పరుగెత్తాయి. 24, 40, చివరికి 52. ఆ 52 డిస్కు బయటి అంచుకు చేరాకే అందే వేగం. 40 నుంచి 52కి మారితే మిగిలేవి కొన్ని సెకన్లే. కొత్త డ్రైవ్‌కు పెట్టే డబ్బు నాణ్యమైన ఖాళీ డిస్కుల మీద పెట్టినవాళ్లే తెలివైనవాళ్లు. ఈలోగా పెళ్లి వీడియోలు సీడీలకెక్కి అమెరికాలోని కూతుళ్లకూ కొడుకులకూ చేరాయి. ఒక్క డిస్కులో వందకు పైగా ఎంపీ3 పాటలు పట్టాయి. నోయిడాలోని మోజర్ బేర్ ఖాళీ సీడీలను ప్రపంచమంతా అమ్మి, ఆపై సినిమా వీసీడీని 28 రూపాయలకే ఇచ్చింది.

ఆ తర్వాత కథ చెదిరిపోయింది. డీవీడీ రైటర్, పెన్‌డ్రైవ్, ఫోన్ దాదాపు ఒకేసారి మీదపడ్డాయి. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ డిస్క్ డ్రైవ్ లేకుండానే వచ్చింది. తైయో యూడెన్ 2015తో డిస్కుల తయారీ మానేసింది. మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. కొత్త కేబినెట్లలో చాలావాటికి రైటర్ బిగించే అరే ఉండటం లేదు. పాటలు వింటున్నాం గానీ, అవి మన దగ్గర ఉండటం లేదు.

బీరువాల్లోని డిస్కులు మాత్రం మన రాతలే. వాటి రంగుపొర వెలిసిపోతోంది. లేబుల్ వైపు గీత పడితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే సమాచారం ఉన్న పొర ఆ లేబుల్ కిందే ఉంటుంది. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు. తక్కువ వేగంతో చదివించాలి. ఒక డ్రైవ్ చదవలేనన్న డిస్కును ఇంకో డ్రైవ్ చదివేయవచ్చు. కాబట్టి పాత కంప్యూటర్‌ను తుక్కుకు వేసే ముందు అందులోని రైటర్‌ను విప్పి ఉంచుకోండి, ఆ పెళ్లి సీడీలన్నీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించేదాకా.