సీసపు పలకలు, స్వేదనజలం

సుల్తాన్ బజారులో కొన్న హైడ్రోమీటరు ఒకటి మా ఇంట్లో ఉన్నది. గాజు గొట్టం, కొసన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న బరువు. డాబా మీద సౌరఫలకాలు పెట్టించిన మొదటి రెండేళ్ళూ దాన్ని నేను ముట్టలేదు. ఎండ ఉచితం, ఇక మనం చేయవలసినదేమున్నది అనుకున్నాను. మూడవ వేసవిలో దీపాలు గంటసేపైనా నిలవలేదు. బ్యాటరీ మూతలు విప్పి చూస్తే నీరు ఇగిరిపోయి, పలకల అంచులు బయటపడి తెల్లబారి ఉన్నాయి.

సౌరవిద్యుత్తును మనం కొత్త సంగతిగా చెప్పుకుంటాము. ఫలకం వరకు అది నిజమే. అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు సిలికాన్ సౌరఘటాన్ని లోకానికి చూపినది 1954లో. దానికి తోడుగా కూర్చున్న బ్యాటరీ మాత్రం అంతకు దాదాపు నూరేళ్ళు పెద్దది. 1859లో ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను, నడుమ రబ్బరు పట్టీలుంచి, చుట్టగా చుట్టి సజల గంధకామ్లంలో ముంచాడు. 1881లో కామిల్ ఫోర్ పలకలకు సీసపు ఆక్సైడు ముద్ద పూయడంతో అది కర్మాగారాల్లో తయారయ్యే సరకైంది. అప్పటికి మన సుల్తాన్ బజారు ఇంకా రెసిడెన్సీ బజారే. అక్కడ వెలిగేవి నూనె దీపాలే.

1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలసింది. నేడు దాని ఆనవాలు లేదు. తీగ వెంట కరెంటు ఇంటికి రావడం మొదలైనాక దాన్ని నిలవ చేసుకోవలసిన అగత్యం నగరవాసికి లేకపోయింది. నిలవ చేసేవాడికి ఉండవలసిన జాగ్రత్త కూడా దానితోపాటే పోయిందని నా అభిప్రాయం. 2012, 2013 సంవత్సరాల కోతల కాలంలో ఇన్వర్టరు బ్యాటరీలు ఇంటింటా చేరాయి గాని, ఊరగాయ జాడీని చూసుకున్నట్టు వాటిని చూసుకున్నవారు తక్కువ.

చూసుకోవడమంటే బ్రహ్మవిద్య కాదు. చార్జి అయ్యేటప్పుడు నీరు కొంత హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. ఆమ్లం మిగిలే ఉంటుంది. కనుక పోయవలసినది స్వేదనజలమే గాని ఆమ్లం కాదు, బోరునీరు అసలే కాదు. అది కూడా చార్జి నిండిన తరువాతనే. ముందే నింపితే పొంగి పొర్లుతుంది. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందు పోయాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలుంటాయి, ఆరింటినీ కొలవాలి. రకాన్నిబట్టి నిండు చార్జిలో సాంద్రత 1.24 నుండి 1.28 వరకు ఉంటుంది. ఒక్క ఘటం వెనుకబడినా మిగిలిన అయిదూ దాని పాలబడతాయి. సగం చార్జితో రోజుల తరబడి వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది. ముసురు రోజుల్లో, ఫలకాల మీద దుమ్ము పేరినప్పుడు జరిగేది ఇదే. వేడి మరొక శత్రువు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని లెక్క. మన నగరంలో మే నెల ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! నీడ, గాలి రెండూ ఉన్నచోట పెట్టాలి. ఆ దాపున నిప్పు ఉండరాదు.

2024 ఫిబ్రవరిలో ఆరంభమైన సూర్యఘర్ పథకం కింద డాబాలెక్కుతున్న ఫలకాలు చాలావరకు నేరుగా తీగకే కలుస్తాయి, బ్యాటరీ లేదు. ఉన్నచోట లిథియం వస్తున్నది. దానికి నీరు పోయనక్కరలేదు.

నా పాత బ్యాటరీని ఆటోలో వేసుకొని కొన్నచోటికే తీసుకువెళ్ళాను. వాడిన బ్యాటరీలను తిరిగి తీసుకోవాలని 2001లోనే నియమాలు వచ్చాయి, 2022లో అవి మరింత కట్టుదిట్టమయ్యాయి. దుకాణదారు తూచి, కొత్తదాని ధరలో కొంత తగ్గించాడు. “ఈసారి నీళ్ళు చూస్తుండండి సార్” అన్నాడు.