బంగారు ఫర్మానా చూసిన బందరు

1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానా రాసిచ్చాడు. ఏటా 500 వరహాలు కట్టి, తన రేవుల్లో సుంకాల బెడద లేకుండా వర్తకం చేసుకోమన్నాడు. దాన్ని బంగారు ఫర్మానా అన్నారు. ఇంగ్లీషువాళ్లు 1611లోనే గ్లోబ్ ఓడలో వచ్చి మచిలీపట్నంలో, అంటే మన బందరులో, కొట్లు పెట్టారు. డచ్చివాళ్లు అంతకు అయిదారేళ్ల ముందే దిగారు.

ఇవాళ గుడివాడ నుంచి ఎవరైనా పెట్టుబడి దారిలో అమెరికా గ్రీన్‌కార్డు కావాలంటే కనీసం 8 లక్షల డాలర్లు పెట్టాలి, పది ఉద్యోగాలు చూపించాలి, మొదటి రెండేళ్లూ షరతుల మీదే ఉండాలి. ఆ లెక్కన బందరు చాలా చౌకగా చోటిచ్చింది. పర్షియా నుంచి వచ్చిన మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారంలో గడించాడు, ఇదే రేవుకు అధికారి అయ్యాడు, గోల్కొండ దివాన్‌గిరీ దాకా ఎగబాకాడు. చివరికి మొగలుల పక్షం చేరాడు. ఇంతకన్నా మంచి సంబంధం దొరికితే ఎవరు మాత్రం ఆగుతారు?

కంపెనీదీ అదే తీరు. ఫర్మానాలో వర్తకం ఉంది గానీ కోట లేదు. 1639లో తెలుగు నాయకుడే, దామెర్ల వెంకటాద్రి, చెన్నపట్నం దగ్గర కోట కట్టుకోవడానికి జాగా ఇచ్చాడు. 1641కల్లా కంపెనీ ప్రధాన స్థావరం బందరు వదిలి అక్కడికి చేరింది. మన రేవు పతనం నా దృష్టిలో ఆనాడే మొదలైంది. అప్పటికి 1864 ఉప్పెన ఊసే లేదు. 1687లో గోల్కొండ కూలింది, ఫర్మానా ఇచ్చిన వంశమే లేకుండా పోయింది. 1759 ఏప్రిల్‌లో కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు బందరుకోటను ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి లాక్కున్నాడు. 500 వరహాలు కట్టి ఉన్నవాళ్లు దొరలయ్యారు.

అద్దకంవాళ్లు, నేతగాళ్లు, పడవలవాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఉన్న ఊళ్లో ఉండటానికి వాళ్లను కాగితం అడిగిందెవరు? 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడింది. సుమారు 30,000 మంది పోయారని అంచనా. కోట ఆపలేదు, మెరక ఎక్కడా లేదు. మళ్లీ ఆ రేవు తేరుకోలేదు. డచ్చివాళ్ల సమాధులు, వాటి మీద చెక్కిన వంశ చిహ్నాలు మాత్రం ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

113 ఏళ్లకు, 1977 నవంబరు 19న, అదే సముద్రం కాస్త దిగువన దివిసీమ మీదికి వచ్చింది.