గుప్పెడు పచ్చి గింజలు, చిన్న ఇనుప డ్రమ్ము: కాఫీ రైతు శాంపిల్ కథ

ఈ పోస్టు కొంచెం పొడుగు. తీరికగా చదవండి.

ఆదోని యార్డుకు పత్తి తోలినోళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఆరు నెలల కష్టం బోరాల్లో నింపి పెడతాం. కొనేటాయన వచ్చి బోరెంలో చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీస్తాడు. పింజ లాగి చూస్తాడు, గింజ నొక్కి చూస్తాడు, మొహంలో ఏం తెలీనీయడు. శెనక్కాయలైనా అంతే. పిడికెడు కాయలు వలిచి పప్పు చూస్తాడు. మన పంట మొత్తానికి ధర ఆ గుప్పెడుతోనే తేలిపోతుంది. ఆ గుప్పెట్లో ఏముందో ఆయనకు తెలుసు. మనకు తెలుసా?

దీని మీదే ఈరోజు కాఫీ రైతుల కథ ఒకటి చెప్తాను. మన నల్లరేగడిలో, మన ఎండల్లో కాఫీ పండదు, నిజమే. పంట వేరైనా సమస్య మాత్రం అచ్చం మనదే.

ముందు మనకూ కాఫీకీ ఉన్న చుట్టరికం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు కూడా ఆదోని తాలూకాలోనిదే. బళ్లారి దాటి పడమటికి, దక్షిణానికి పోతే కాఫీ సీమ వస్తుంది. బాబా బుడన్ అనే సూఫీ సాధువు 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు దగ్గరి కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండలకు ఆయన పేరే ఉంది, బాబా బుడన్‌గిరి. ఇక 1871లో మద్రాసు, బొంబాయి రైలు దారులు రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారి మీదే ఉంది. పత్తి బొంబాయికి పోయింది, వచ్చే బండ్లలో బయటి సరుకులు, బయటి అలవాట్లు వచ్చాయి.

ఆ కాలంలో మద్రాసు రాష్ట్రంలో కాఫీ అలవాటున్న చాలా ఇళ్లల్లో పొడి కొనేవాళ్లు కాదు, పచ్చి గింజలే కొనేవాళ్లు. బొగ్గుల కుంపటి మీద చిన్న ఇనుప డ్రమ్ము పెట్టి, పిడి పట్టి తిప్పుతా వేయించేవాళ్లు. తర్వాత చేతి మరలో పొడి చేసుకునేవాళ్లు. ఆ డ్రమ్మును గుర్తు పెట్టుకోండి. కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

వేయించడమంటే మనకు కొత్త కాదు. బొరుగుల బట్టీ చూడనోళ్లు మన పక్క ఎవరున్నారు? ఉగ్గాని తినే ఊర్లు మనవి. బట్టీ కాడ ఇసుక వేడి ఎక్కువైతే బొరుగు మాడుతుంది, తక్కువైతే పొంగదు. పనివాడు కంటితో, చెవితో, ముక్కుతో చూసుకుంటాడు. కాఫీ వేయించడం కూడా అదే విద్య. పచ్చి కాఫీ గింజకు మనం తాగే కాఫీ వాసన ఏమాత్రం ఉండదు. పచ్చి గడ్డి, పచ్చి బఠాణీ లాంటి వాసన వస్తుంది. నోట్లో వేసుకుంటే రాయిలా ఉంటుంది. లోపలున్న మంచీ చెడూ నిప్పు తగిలితేనే బయటికొస్తుంది.

వ్యాపారులకు ఈ సంగతి అర్థం కావడానికి చానా కాలం పట్టింది. 19వ శతాబ్దంలో కాఫీ కొనేవాళ్లు ఎక్కువగా కంటితోనే కొనేవాళ్లు. గింజ పెద్దదా, రంగు బాగుందా, ఏ ఓడరేవు నుంచి వచ్చింది, ఇంతే లెక్క. 1864లో న్యూయార్క్‌లో జేబెజ్ బర్న్స్ అనే ఆయన కొత్త రకం వేయించే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. డ్రమ్ము మంట మీద ఉండగానే గింజలు వాటంతటవే బయటికి వచ్చేటట్టు దాన్ని కట్టాడు. పెద్ద యంత్రాలతో పాటు శాంపిల్ కోసం చిన్న యంత్రాలూ వచ్చాయి. ఒకే వరుసలో నాలుగైదు చిన్న డ్రమ్ములు, ఒక్కోదాంట్లో ఒక్కో లాటు నుంచి తీసిన గుప్పెడు గింజలు. వేయించి, పొడి చేసి, వరసగా కప్పుల్లో వేసి, వేడి నీళ్లు పోసి, చెంచాతో జుర్రి రుచి చూసేవాళ్లు. అమెరికా పడమటి తీరంలో శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారులు ఈ కప్పు పరీక్షను బాగా వాడుకలోకి తెచ్చారు.

దాంతో ఏమైందంటే, అంతవరకు గింజ చిన్నదని తక్కువ ధర పలికిన ఎత్తు కొండల కాఫీ కప్పులో గెలిచింది. చూడ్డానికి పెద్దగా, అందంగా ఉన్న కొన్ని గింజలు కప్పులో తేలిపోయాయి. అంటే కంటికి కనిపించే ధర వేరు, నిప్పు మీద తేలే ధర వేరు. అయితే ఆ డ్రమ్ము ఎవరి చేతిలో ఉంది? కొనేవాడి చేతిలో. పండించినోడికి తన కాఫీ రుచి ఏందో తెలీదు. ఆ తేడాలోనే వ్యాపారి లాభం ఉంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగుమతులు దెబ్బతిని కాఫీ రైతు కష్టాల్లో పడ్డాడు. 1942లో కాఫీ చట్టం వచ్చింది. కాఫీ బోర్డు చేతికి అమ్మకం పోయింది. రైతు తన కాఫీ అంతా పూల్‌కు ఇచ్చేయాలి. బోర్డు గ్రేడు కట్టి, అందరిదీ కలిపి అమ్మి, డబ్బు విడతలుగా ఇచ్చేది. దీన్ని ఊరికే తిట్టడం న్యాయం కాదు. చిన్న రైతుకు కొనేవాడు దొరికాడు, ధర పూర్తిగా పడిపోకుండా ఒక ఆధారం దొరికింది. కానీ పక్కపక్క తోటల కాఫీ ఒకే కుప్పలో పడ్డాక, బాగా పండించినోడి పేరు ఆ కుప్పలోనే పోయింది. ఎవరి కాఫీ ఎట్లుందో వేయించి చూసే అవసరం రైతుకు లేకుండా పోయింది.

1992 నుంచి కొద్దికొద్దిగా సడలిస్తూ 1996 నాటికి ఈ పద్ధతి తీసేశారు. రైతు సొంతంగా అమ్ముకోవచ్చన్నారు. స్వేచ్ఛ వచ్చింది, దాంతో పాటు వ్యాపారి నేరుగా గడప ముందుకు వచ్చాడు. ఆయన జేబులో లెక్క ఉంది, రైతు దగ్గర ఏముంది?

ఇక మన రాష్ట్రం సంగతి. తూర్పు కనుమల్లో కాఫీ 1898 ప్రాంతంలో తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదలైంది. 1920ల నాటికి పుల్లంగి, గూడెం వైపు పాకింది. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1960 నుంచి అటవీ శాఖ రిజర్వు అడవుల్లో కాఫీ తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి గిరిజన రైతుల సొంత భూముల్లో కాఫీ పెట్టించాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే మిరియాల తీగ. సముద్రమట్టానికి 900 మీటర్లు దాటిన ఎత్తు, చల్లటి గాలి. ఒక్కో కుటుంబానికి ఉండేది ఎకరం, రెండెకరాలు.

భూమి మంచిదే, ఎత్తు మంచిదే. మరి రుచి? అక్కడే డ్రమ్ము పని మొదలవుతుంది.

ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద కూడా చేయగలిగిన పని ఇది. చిన్న డ్రమ్ము ముందు బాగా వేడెక్కాలి. 100 గ్రాముల పచ్చి గింజలు వేసి ఆపకుండా తిప్పాలి. మొదట తేమ పోతుంది. నాలుగైదు నిమిషాలకు ఆకుపచ్చ పోయి పసుపు రంగు వస్తుంది, ఎండుగడ్డి వాసన మారి రొట్టె కాలిన వాసన వస్తుంది. తర్వాత గోధుమ రంగు. గింజ వేడి సుమారు 196 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటే సమయానికి చిటపట మొదలవుతుంది, జొన్న పేలాలు పేలినట్టు. అది మొదటి చిట్లుడు. అక్కడి నుంచి ఒకటి, ఒకటిన్నర నిమిషంలో దించేయాలి. జల్లెడలో పోసి ఫ్యాను గాలికి వెంటనే చల్లార్చాలి, లేకుంటే లోపలి వేడికే ఇంకా మాడిపోతుంది. మొత్తం 8 నుంచి 12 నిమిషాల పని. 100 గ్రాములు వేస్తే 85 గ్రాముల చుట్టూ వస్తాయి.

శాంపిల్‌ను నల్లగా వేయించకూడదు. నల్లగా మాడిస్తే మంచిదీ చెడ్డదీ ఒకటే చేదు. లేతగా దించితేనే తప్పులు దొరుకుతాయి.

ఏ తప్పులు? పండకముందే కోసిన కాయ గింజ పచ్చిగా ఉన్నప్పుడు మిగతావాటిలో కలిసిపోయి కనపడదు. వేయించాక అది మాత్రం శెనగపప్పు రంగులోనే తెల్లగా మిగిలిపోతుంది. పది పచ్చి కాయలు దూసి కలిపితే పదీ దొరికిపోతాయి. నేల మీద ఆరబెట్టిన కాఫీలో మట్టి వాసన వస్తుంది. తొక్క తీసిన గింజ ఎక్కువసేపు పులిస్తే కుళ్లిన వాసన వస్తుంది, అట్లాంటి గింజ ఒక్కటి పడినా కప్పంతా పాడు. అందుకే ఒక్కో శాంపిల్‌కు ఐదు కప్పులు పెడతారు. వేయించాక కనీసం 8 గంటలు ఆగి, 150 మిల్లీలీటర్ల నీళ్లకు 8.25 గ్రాముల పొడి లెక్కన వేస్తారు. ప్రపంచమంతా చాలా ఏళ్లు వాడిన పద్ధతి ఇది. 100కు 80 మార్కులు దాటితే దాన్ని స్పెషాలిటీ కాఫీ అంటారు, దానికి బజారు ధర మీద అదనం పలుకుతుంది.

ఇప్పుడు అసలు మాట. ఈ పరీక్ష కొనేవాడు ఓడరేవులో చేస్తే అది ధర తగ్గించే సాకు. అదే పరీక్ష కోత కాలంలో రైతు పక్కన చేస్తే అది పాఠం. ఈ వారం తెల్ల గింజలు ఎక్కువొచ్చాయంటే వచ్చే వారం ఎర్రటి పండ్లే కోయాలని తెలుస్తుంది. మట్టి వాసన వచ్చిందంటే ఆరబెట్టే మంచెలు కట్టాలని తెలుస్తుంది.

అరకులో జరిగిన మార్పు ఇదే దారిలో వచ్చింది. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. పండిన పండ్లనే ఏరి కోయడం, లాట్లు విడివిడిగా ఉంచడం, రైతుల కాఫీని బయటి దేశాల రుచి నిపుణుల ముందు పోటీకి పెట్టడం నేర్చుకున్నారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో ఢిల్లీ జీ20 సమావేశానికి వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లో అరకు కాఫీ ఉంది.

ఇదంతా చిన్న డ్రమ్ము ఒక్కదాని మహిమ అనడం లేదు. శాంపిల్ బాగుందని తెలిసినా, ఒంటరి రైతు రెండు బస్తాలతో పారిస్ పోలేడు. సంఘం ఉండాలి, నిలవ చేసే చోటు ఉండాలి, పంట అమ్మేదాకా ఇల్లు గడిచే అడ్వాన్సు ఉండాలి. ఇవి లేకుంటే, నా కాఫీ మంచిదని తెలిసి కూడా అయినకాడికి అమ్మాల్సి వస్తుంది. అదీ నిజమే.

మనకు ఇందులో ఏముంది అంటారా?

మన ఎమ్మిగనూరునే చూడండి. 1938లో మాచాని సోమప్ప గారు చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. దాని పేరులోనే ఉత్పత్తితో పాటు విక్రయం అనే మాట ఉంది. నేసినోడే నాణ్యం చూసుకుని, సంఘం పేరు మీద అమ్ముకోవాలన్నది అందులోని ఆలోచన. అంటే అరకోళ్ల కన్నా చానా ముందే ఈ దారి మనూళ్లో ఉంది.

పత్తిలో చూడండి. సీసీఐ లెక్కలో తేమ 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర. 8 నుంచి 12 దాకా ధరలో కోత. 12 దాటితే కొనరు. ఈ అంకెలు మనకు యార్డులో మీటరు పెట్టినప్పుడు తెలుస్తాయి. అప్పటికే బండి బాడుగ కట్టేసి ఉంటాం, వెనక్కి తెచ్చుకోలేం. అదే మీటరు ఊర్లో పది మంది కలిసి కొనుక్కుంటే, తోలేముందే చూసుకుని, ఇంకో రెండు రోజులు ఆరబెట్టాలో వద్దో ఇంటికాడే తేల్చుకోవచ్చు. మంచు తడి ఆరకముందే తీసిన పత్తిని వేరే కుప్ప పెట్టుకోవచ్చు. మొదటి తీత, ఆఖరి తీత కలపకుండా బోరాలు వేరు చేయొచ్చు. కలిపితే మంచిది కూడా చెడ్డదాని ధరకే పోతుంది, కాఫీ పూల్‌లో పోయినట్టు.

శెనక్కాయలకు ఇంకా సులువు. నాలుగు సంచుల్లో నాలుగు చోట్ల నుంచి తీసి కలిపి, 100 గ్రాముల కాయలు తూకం వేయండి. వలిచి పప్పు తూకం వేయండి. 70 గ్రాములొస్తే మీది 70 శాతం పప్పు. ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి వేరు చేసి వాటినీ తూకం వేయండి. ఒక చీటీ మీద తేదీతో రాసి జేబులో పెట్టుకోండి. అదే శాంపిల్‌లో కొంత కవర్లో కట్టి ఇంట్లో ఉంచండి. కొనేటాయన అరవై అంటే, "ఎట్లా అన్నా? నా ముందర ఇంకోసారి వలుద్దాం రా" అని అడగడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది. ఆయన ఒప్పుకోకపోవచ్చు. కానీ పది మంది రైతులు చీటీలు పట్టుకుని అదే మాట అడిగితే బేరం ఇంకోలా ఉంటుంది.

ఈసారి మన ఊర్లో కోతలకు ముందు ఒక తేమ మీటరు, ఒక చిన్న కాటా కలిసి కొందామా? ఎంతమంది వస్తారో చెప్పండి. ఖర్చు ఎంతవుతుందో లెక్క కట్టి వచ్చే పోస్టులో పెడతాను.