వదంతియు విచారణయు: తెలుగుదేశపు గ్రంథాలయోద్యమము నేర్పు పాఠము

ప్రజాప్రభుత్వమునకు ప్రజాభిప్రాయము ఆధారము. ప్రజాభిప్రాయమునకు వార్త ఆధారము. వార్త కల్లయైనచో ఓటు చేతనున్నను పౌరుడు పరాధీనుడే. అసత్యప్రచారమును అరికట్టుటకు చరిత్రలో రెండు మార్గములు కానవచ్చుచున్నవి. పలుకువాని నోరు మూయుట ఒకటి. వినువాని వివేకమును పెంచుట రెండవది. వీనిలో ఏది నిలువదగినదో తెలుగువారి అనుభవము నుండి పరిశీలింప దలచితిమి.

మొదటిది పాలకుల మార్గము. 1878లో లిట్టన్ ప్రభువు దేశభాషాపత్రికల చట్టమును తెచ్చెను. రిప్పన్ కాలమున అది రద్దయినది. అయినను నిర్బంధము ఆగలేదు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వెలువడిన ‘విపరీతబుద్ధి’ అను వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కారాగారవాసము అనుభవించిరి. అసత్యమునకును, పాలకులకు రుచింపని అభిప్రాయమునకును గల భేదమును ఇట్టి చట్టములు పాటింపలేదు. ఆ హరిసర్వోత్తమరావుగారే తరువాత గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును తమ జీవితమును ధారపోసిరనుట గమనింపదగినది.

ఆ ఉద్యమమే రెండవ మార్గము. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ప్రథమ గ్రంథాలయ మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన జరిగినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవపై కాలువగట్టు గ్రామములకు చేర్చిరి. చదువు రానివారికి పత్రిక చదివి వినిపించుటయు ఉద్యమకార్యములలో ఒకటి. ఒకరు చదువగా పదుగురు విందురు. ఆ పదుగురిలో ఒకడైనను ‘ఇది ఎవరు చెప్పిరి?’ అని అడుగుటకు అవకాశము కలుగును. ఈ సామూహిక పఠనమే ఉద్యమపు అసలు బలమని మా అభిప్రాయము.

నిరాధారమైన మాటకు ప్రజలు ఆధారములతో బదులు చెప్పిన దృష్టాంతము తెలంగాణమున కలదు. ఆ ప్రాంతమున కవులే లేరన్న ఆక్షేపణ వెలువడగా, 1926 నుండి గోలకొండ పత్రికను నడపుచున్న సురవరము ప్రతాపరెడ్డిగారు దూషణకు దిగలేదు. ఊరూర నుండి పద్యములను సేకరించి 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. వాదము సంపాదకునిది, సాక్ష్యము జనులది.

అక్షరాస్యత పెరిగిన చాలునందురు కొందరు. ఈ మాట నిలువదు. దేశమున అక్షరాస్యత 1951లో నూటికి 18 మాత్రమే, 2011లో 74. అయినను 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలున్నవను వదంతి వాట్సాప్ ద్వారా వ్యాపించి, ఆ జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లాలో అయిదుగురు అమాయకులను బలిగొన్నది. ఆ యేడే జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు గ్రామములకు పోయి, డప్పు మ్రోగించి, జానపద గాయకుల పాటలతో ఆ వదంతుల నిజమును విప్పిచెప్పిరి. చదువు రానివానికిని విచారణ నేర్పవచ్చునని ఇందువలన తేలుచున్నది. అక్షరజ్ఞానము వేరు, వార్తావివేకము వేరు.

నిర్బంధము బొత్తిగా అనావశ్యకమని మేము చెప్పము. హింసకు పురికొల్పువానిని దండింపవలసినదే. కాని దండనము వదంతి పుట్టిన పిమ్మట వచ్చును. వివేకము ముందే కాపలా కాయును.

ఈ పనిలో తెలుగు శాఖలకు భాగము కలదు. ఒక చాటువు శ్రీనాథునిదని వినినంతనే మనము నమ్మము. ఏ ప్రతిలోనిది, ఎవరు వ్రాసికొనిరి, ఏ కాలపు భాష, పాఠాంతరములెవ్వి అని ప్రశ్నింతుము. చేతి ఫోనునకు వచ్చిన వార్తనుగూడ ఈ ప్రశ్నలే అడుగవలెను. పాఠపరిష్కరణమును తాళపత్రములకే పరిమితము చేయక, విద్యార్థి తన ఊరి రచ్చబండకు కొనిపోగలిగినచో, నాటి గ్రంథాలయకార్యకర్తల శ్రమకు నేడు కొనసాగింపు లభించును.